మీ కార్డు చెప్పినట్టే ఉతికాను, పట్టీలో బిగువు పోయింది

వినియోగదారుల సేవా విభాగానికి,

విషయం: 18 మిల్లీమీటర్ల అల్లిక ఎలాస్టిక్ వాచీ పట్టీలు, రెండింటి ప్యాకెట్. ఉతికే సూచనల కార్డులో తప్పులు, పట్టీ సాగిపోవడం, వాచీ కిందపడి పాడవడం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

ఇది నేను మీకు రాస్తున్న రెండో ఉత్తరం. మొదటిదానికి మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు రెండే వాక్యాలు. పట్టీని మోతాదు మించి లాగి వాడటం వల్లే సాగిందనీ, అందుకు వారంటీ వర్తించదనీ రాశారు. నేను దాన్ని మోతాదు మించి లాగలేదు. మీ ప్యాకెట్‌లో వచ్చిన కార్డు మీద ఏం రాసి ఉందో అదే చేశాను. ఆరు నెలల పాటు కొలతలు రాసుకుంటూ వచ్చాను కాబట్టి ఈ మాట నమ్మకంగా చెప్పగలుగుతున్నాను. ఈసారి దయచేసి ఉత్తరం చివరిదాకా చదవండి.

నాకు ఎలాస్టిక్ పట్టీలంటే చాలా ఇష్టం. తోలు పట్టీకి రంధ్రాలుంటాయి. పొద్దున సరిగ్గా సరిపోయిన రంధ్రం, ఎండలో తిరిగొచ్చాక చెయ్యి కాస్త ఉబ్బితే బిగుసుకుపోతుంది. పక్క రంధ్రానికి మారిస్తే వదులవుతుంది. సాగే పట్టీకి ఈ బాధ లేదు, చేతితోపాటే అదీ సర్దుకుంటుంది. ఫ్రెంచ్ నౌకాదళ డైవర్లు పారాచూట్లలో వాడే ఎలాస్టిక్ పట్టీని కత్తిరించి స్విస్ కంపెనీ టుడర్ చేసిన తమ వాచీలకు తగిలించుకున్నది కూడా ఇందుకే. నీటి లోతుకు దిగేకొద్దీ వెట్‌సూట్, అంటే డైవర్లు వేసుకునే మందపాటి రబ్బరు దుస్తులు, నలిగి పలచబడుతుంది, దాని మీద కట్టుకున్న మామూలు పట్టీ వదులైపోతుంది, సాగే పట్టీ మాత్రం ఆ మేరకు ముడుచుకుని పట్టి ఉంచుతుంది. 2021లో టుడర్ అదే నౌకాదళంతో కలిసి తెచ్చిన పెలగోస్ ఎఫ్ఎక్స్‌డి వాచీకి కూడా ఒకే ముక్కగా నేసిన బట్ట పట్టీనే ఇచ్చింది. బట్ట పట్టీ అంటే చవకబారు వస్తువని నేనెప్పుడూ అనుకోలేదు. అందుకే మీ ప్యాకెట్ కొన్నాను.

ప్యాకెట్‌లో రెండు పట్టీలున్నాయి, ఒకటి నీలం, ఒకటి బూడిద రంగు. రంగు తప్ప రెంటికీ తేడా లేదు. నా దగ్గర అప్పటికే వేరే కంపెనీది, పారాచూట్ పట్టీ తరహాలో నేసిన ఎలాస్టిక్ పట్టీ ఒకటి ఉంది. మూడింటినీ చేతికి బిగించేది కొక్కెమే, బకిల్ కాదు. మూడింటినీ ఒకే వాచీకి, ఒకే చేతికి, వారానికొకటి చొప్పున మార్చి మార్చి పెట్టుకున్నాను. మొదటి వారం పాత పట్టీ, రెండో వారం బూడిద రంగుది, మూడో వారం నీలంది, మళ్ళీ మొదటినుంచి. అలా 27 వారాలు, అంటే ఒక్కోటి 9 వారాలు. నా మణికట్టు చుట్టుకొలత 168 మిల్లీమీటర్లు. కొక్కెం తగిలించి, ఏమాత్రం లాగకుండా టేబుల్ మీద పెట్టి లోపలి చుట్టుకొలత తీశాను. కొత్తలో మీ రెండు పట్టీలూ 152, పాతది 153. మణికట్టు కంటే 15, 16 మిల్లీమీటర్లు తక్కువన్నమాట. ఎలాస్టిక్ పట్టీకి ఉండాల్సిన బిగువు అదే.

27వ వారంలో మళ్ళీ కొలిచాను. పాత పట్టీ 156. మీ బూడిద రంగుది 158. నీలం రంగుది 169.

ఒకే ప్యాకెట్‌లో వచ్చిన రెండు పట్టీల్లో ఒకటి 6 మిల్లీమీటర్లు సాగి, రెండోది 17 ఎందుకు సాగింది? రెండూ పెట్టుకున్నది ఒకే చెయ్యి, లాగినదీ అదే చెయ్యి. మోతాదు మించి లాగి ఉంటే రెండూ ఒకేలా సాగాలి కదా. తేడా ఒక్కచోటే ఉంది, ఉతకడంలో.

మీ కార్డు మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "వేడి నీళ్ళలో డిటర్జెంట్ వేసి 20 నిమిషాలు నానబెట్టండి. ఎండలో ఆరబెట్టండి. మరకలు పోకపోతే కొద్దిగా బ్లీచ్ వాడవచ్చు." నీలం పట్టీని నేను అలాగే ఉతికాను, వేసుకున్న ప్రతి వారం చివర ఒకసారి చొప్పున మొత్తం 8 సార్లు. బ్లీచ్ మాత్రం వాడలేదు, వాడాల్సిన అవసరం రాలేదు.

బూడిద రంగుది మాత్రం మొదటిసారే అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. ఆమె ఏళ్ళ తరబడి బట్టలు కుట్టిన మనిషి. ఎలాస్టిక్ వేసిన ఏ బట్టనీ ఎండలో వేయనివ్వదు. "ఎండలో వేస్తే రబ్బరు చచ్చిపోతుందిరా" అని చన్నీళ్ళలో సబ్బుతో రుద్ది, తడి పిండకుండా తువ్వాల్లో అద్ది, ఫ్యాను కింద పరిచింది. ఆ తర్వాత కూడా దాన్ని నేను అలాగే ఉతుకుతూ వచ్చాను. నీలందాన్ని మాత్రం కార్డు ప్రకారమే కానిచ్చాను. వస్తువు తయారుచేసిన వాళ్ళకే దాని సంగతి బాగా తెలుస్తుందని నా నమ్మకం. అమ్మ మాట కంటే మీ కార్డుకే విలువ ఇచ్చాను. ఆ సంగతి మీకు తెలియాలి.

అమ్మ చెప్పింది ఆమెకు మాత్రమే తెలిసిన రహస్యమేమీ కాదు. రబ్బరుకు వేడి, ఎండ, నూనె మూడూ పడవు. రబ్బరు పోగు ఎండకూ గాలికీ కలిసి మెల్లగా పెళుసెక్కుతుంది. వంటికి రాసుకునే సన్‌స్క్రీన్, చెమటలోని జిడ్డు కూడా దాన్ని పాడుచేస్తాయి. రబ్బరు కాకుండా ఎలాస్టేన్ (లైక్రా లాంటి సాగే కృత్రిమ దారం) పోగులు వాడి ఉంటే, వాటికి క్లోరిన్ బ్లీచ్ పడదు. అంటే మీరు ఏ పోగు వాడినా సరే, మీ కార్డులో దాన్ని పాడుచేసే సలహా ఒకటి ఉండనే ఉంది. ఎలాస్టేన్ 1958లోనే వచ్చిన పదార్థం. దాన్ని ఎలా ఉతకాలో, ఎలా ఉతకకూడదో బట్టల పరిశ్రమలో అందరికీ తెలుసు.

ఇక వాచీ సంగతి. అది మా నాన్నగారిది. రోజూ పొద్దున కీ ఇచ్చుకునే పాతకాలం వాచీ, ఈ మధ్య వచ్చిన వాచీల్లా దెబ్బ తట్టుకునే ఏర్పాటు అందులో లేదు. 27వ వారంలో ఒక పొద్దున సింకు దగ్గర చేతులు కడుక్కుని, తడి విదిలించాను. రోజూ చేసే పనే. పట్టీ కొక్కెం దాని కడ్డీలోంచి జారి ఊడింది, వాచీ పట్టీతో సహా నేల మీద పడింది. శబ్దం పెద్దగా రాలేదు. తీసి చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుటిక్కు లేదు. కీ తిప్పితే తిరుగుతోంది, సెకన్ల ముల్లు మాత్రం కదలడం లేదు. వాచీలు బాగుచేసే ఆయన మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, బ్యాలెన్స్ చక్రం, అంటే అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపే చక్రం, దాని ఇరుసు కొన విరిగిందన్నాడు. తల వెంట్రుకంత సన్నగా ఉంటుందట ఆ కొన. ఆ వాచీకి సరిపోయే భాగం దొరికితే తప్ప బాగుచేయలేనని చెప్పాడు. ఆయన రాసిచ్చిన కాగితం దీనితో జత చేశాను.

కొక్కెం ఎందుకు ఊడింది? ఈ తరహా పట్టీలో కొక్కేన్ని పట్టి ఉంచేది పట్టీలోని బిగువే. బకిల్‌కి ముల్లు ఉంటుంది, అది రంధ్రంలో దిగి ఆగుతుంది. కొక్కేనికి అలాంటిదేమీ లేదు. పట్టీ ముడుచుకోవాలని లాగుతున్నంత సేపే అది కడ్డీని పట్టుకుని ఉంటుంది. పట్టీ మణికట్టు కంటే ఒక్క మిల్లీమీటరు పొడుగైనా లాగే శక్తి ఉండదు, చెయ్యి విదిలిస్తే కొక్కెం దానంతటదే బయటికొస్తుంది. నాది 169 అయింది, మణికట్టు 168. అందుకే ఈ ఉత్తరంలో ఒక్కో మిల్లీమీటరు లెక్కపెట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత నీలం పట్టీని కత్తెరతో నిలువునా చీల్చి చూశాను. పైన అల్లిక చెక్కు చెదరలేదు, రంగు కూడా వెలిసిపోలేదు. లోపలి తెల్లటి రబ్బరు పోగులు మాత్రం ఎక్కడికక్కడ తునకలై ఉన్నాయి. ఒక పోగును గోటితో మీటితే పెళుక్కున విరిగింది, వేలికి తెల్లటి పొడి అంటుకుంది. బూడిద రంగు పట్టీ అంచు విప్పి చూస్తే, అందులోని పోగులు ఇంకా మెత్తగా, లాగితే సాగి వెనక్కి పోయేలా ఉన్నాయి. పైనుంచి చూస్తే లోపల ఏం జరుగుతోందో కొన్నవాడికి తెలిసే మార్గం లేదు. పట్టీ పైపైన కొత్తదానిలాగే కనబడుతుంది.

మీ ప్యాకెట్ మీద "ప్రీమియం స్ట్రెచ్ ఫ్యాబ్రిక్" అని తప్ప ఏ పోగు ఎంత ఉందో ఎక్కడా రాయలేదు. లోపల రబ్బరు ఉందన్న సంగతి నాకు కత్తెరతో కోశాకే తెలిసింది. సహజ రబ్బరు ఒంటికి పడనివాళ్ళు ఉంటారు, దద్దుర్లు వస్తాయి, కొందరికి అంతకంటే ప్రమాదం కూడా. రోజంతా చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే వస్తువులో అది ఉందో లేదో చెప్పకుండా అమ్మడం సరికాదు. వాచీ సంగతి పక్కన పెట్టినా, ఈ ఒక్క విషయమైనా మీరు వెంటనే సరిచేయాలి.

చిన్న ఫిర్యాదులు రెండున్నాయి, క్లుప్తంగా చెబుతాను. మీది పడుగు పేకల నేత కాదు, జడ అల్లిక. జడ అల్లిక ఎలాస్టిక్ లాగితే సన్నబడుతుంది, కుట్టుపని చేసేవాళ్ళందరికీ ఇది తెలుసు. 18 అని అమ్మిన పట్టీ చేతికి పెట్టుకున్నాక 16కు దగ్గరగా వచ్చి, రెండు పక్కలా స్ప్రింగ్ బార్ (పట్టీని వాచీకి తగిలించే సన్నటి పుల్ల) కనబడుతోంది. మీ ఫోటోల్లో పట్టీని చేతికి పెట్టి చూపించలేదు, టేబుల్ మీద పరిచి చూపించారు. నా పాత పట్టీ నేసినది, లాగినా వెడల్పు మారదు. రెండోది, స్ప్రింగ్ బార్ దూర్చే మడత దగ్గర ఒకే వరస తిన్నటి కుట్టు వేశారు. సాగే బట్టకు తిన్నటి కుట్టు ఆగదు, బట్ట సాగినప్పుడు దారం సాగదు, తెగుతుంది. బూడిద రంగు పట్టీలో అప్పుడే రెండు చోట్ల తెగింది. అక్కడ వంకర కుట్టు వేయాల్సింది. మీ పట్టీ రెండు ముక్కలు కాబట్టి ఆ మడత విడిపోతే వాచీ మళ్ళీ కిందపడుతుంది. పారాచూట్ తరహా పట్టీ ఒకే ముక్కగా రెండు బార్ల కిందుగా వెళుతుంది, ఒక బారు ఊడినా వాచీ ఇంకో బారును పట్టుకుని వేలాడుతుంది. బ్రిటిష్ రక్షణ శాఖ 1973లో నైలాన్ పట్టీకి ఇచ్చిన ప్రమాణంలో ఉన్నదీ ఈ ఏర్పాటే.

మీ పట్టీలో మంచి లేదని నేను అనడం లేదు. చన్నీళ్ళలో ఉతికి నీడలో ఆరేసిన పట్టీ 9 వారాల వాడకంలో 6 మిల్లీమీటర్లే సాగింది, ఇంకా వాడుకోవచ్చు. చర్మానికి మెత్తగా ఉంటుంది, చెమటకు ఒరుసుకోదు. మీ దగ్గర అల్లిక పని చేసేవాళ్ళ పనితనం బాగుంది. దాన్ని ఆ కార్డు చెడగొట్టింది.

నేను అడుగుతున్నవి ఇవి. మొదట, వాచీ బాగుచేయించడానికి అయ్యే ఖర్చు మీరు భరించాలి. భాగం దొరకదని తేలితే ఏం చేయాలో మనం మాట్లాడుకుందాం, అప్పటిదాకా వాచీని అమ్మకుండా, పారేయకుండా అలాగే ఉంచుతాను. పట్టీల డబ్బు తిరిగి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ కార్డును ఇప్పటికే అమ్ముడైన పట్టీలకు కూడా వర్తించేలా మార్చాలి. ప్యాకెట్ కొన్న ప్రతి ఒక్కరికీ కబురు పంపించి, వేడి నీళ్ళు, ఎండ, బ్లీచ్ వద్దని, పట్టీ వదులైనట్టు అనిపిస్తే కొక్కేన్ని నమ్మవద్దని చెప్పాలి. నాలాగే ఈ వారం కూడా ఎవరో ఒకరు దాన్ని వేడి నీళ్ళలో నానబెడుతూ ఉంటారు.

"మోతాదు మించి లాగారు" అని రాసిన జవాబును వెనక్కి తీసుకోవాలని కూడా కోరుతున్నాను. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. నాన్నగారి వాచీని నేను అజాగ్రత్తగా వాడానని దాని అర్థం.

ఈ ఉత్తరంతో పాటు చీల్చిన నీలం పట్టీలో సగం, మీ కార్డు ఫోటో, వారం వారం రాసుకున్న కొలతల కాగితం, రశీదు కాపీ, వాచీ బాగుచేసే ఆయన రాసిచ్చిన కాగితం పంపుతున్నాను. పట్టీలో మిగిలిన సగం నా దగ్గరే ఉంది. మీ సాంకేతిక విభాగం వాళ్ళు చూడాలంటే అదీ పంపుతాను, కాకపోతే పరీక్ష చేశాక ఏం తేలిందో రాతపూర్వకంగా నాకు తెలియజేయాలి. 15 రోజుల్లో జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
మీ పట్టీల కొనుగోలుదారు