నీ ఉత్తరాలు గుమ్మం దాకా వచ్చాయిరా

చిన్నా,

ఎలా ఉన్నావు. మేం బానే ఉన్నాం. మీ నాన్న మోకాలు అలానే ఉంది, పై గదిలో ఫ్యాను మళ్ళీ చప్పుడు మొదలెట్టింది, గోపీ వాళ్ళు వచ్చి రెండ్రోజులుండి వెళ్ళారు. ఊరికే రాస్తున్నా, ప్రత్యేకంగా ఏం లేదు. మొన్న పిన్ని ఫోన్ చేసి మాటల్లో మాటగా "వాడి మెయిల్స్ నువ్వు బ్లాక్ చేశావటగా అక్కా" అంది. నేను నవ్వేసి వేరే మాటలోకి వెళ్ళిపోయా. సరే అది వదిలెయ్.

ముసలోడు, అదే మన ఇంటి మెయిల్ సర్వర్, ఇంకా నడుస్తున్నాడు. పోయిన నెల ఒక డిస్క్ మార్చా, దుమ్ము దులిపా, నువ్వు చిన్నప్పుడు అతికించిన స్టిక్కర్ సగం ఊడిపోయింది, మిగతా సగం నేను ఊడదియ్యలేదు.

బ్లాక్ ఏంట్రా అసలు? నీ మెయిల్ నేను బ్లాక్ చేస్తానా? నీ మెయిల్ సర్వర్ నువ్వు పెట్టుకుంటానన్నప్పుడు నాకు నచ్చలేదు నిజమే, నచ్చలేదని ఆ రోజు అన్నాను కూడా, గట్టిగానే అన్నాను, కానీ మెయిల్ లోపలికొచ్చే పోర్ట్ 25 దగ్గర నిలబడి కొడుకుని గెంటేసే మనిషిలా కనిపిస్తున్నానా నీకు. ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నావా అంటే బాగున్నా అంటావు, మీ నాన్నకి ఇవ్వమంటావు, అంతే. మెయిల్ సంగతి నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. మూడు నెలలు ఇలానే గడిచిపోయాయి. నేను రాసినవాటికి జవాబు లేదు, బిజీగా ఉన్నాడులే అనుకున్నా, ఆ తర్వాత ఇంకోలా అనుకున్నా, అది రాయను.

పిన్ని ఆ మాట అన్నాక ఈ ఆదివారం పొద్దున్నే లాగ్ ముందు, అదే వచ్చీపోయే ప్రతి మెయిల్ సంగతీ ముసలోడు రాసిపెట్టుకునే చిట్టా ముందు కూర్చున్నా. ముందు నా వైపు నుంచి చెప్తా, ఎందుకంటే తప్పు నాది. నీకు రాసిన ప్రతి మెయిల్‌కీ లాగ్‌లో స్టేటస్ సెంట్ అనే ఉంది. తిరిగొచ్చిన బౌన్స్ ఒక్కటి లేదు. ఇంకా పంపాల్సినవాటి క్యూ ఖాళీ. వెళ్ళాయనే అనుకున్నా ఇన్నాళ్ళూ. కానీ సెంట్ అని చూసి మురిసిపోకూడదు, అదే లైన్‌లో రిలే ఏముందో, అంటే ఎవరి చేతికిచ్చిందో చూడాలి అని నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ నేనే కదా చెప్పేదాన్ని. అక్కడ నీ కొత్త సర్వర్ పేరు ఉండాలి. వర్చువల్ అని ఉంది, అంటే మన ముసలోడే. పక్కనే డెలివర్డ్ టు మెయిల్‌డిర్ అని, అంటే ఇక్కడి డబ్బాలోనే వేశానని.

అర్థమైందా? నీ డొమైన్ నువ్వు తీసుకెళ్ళిపోయావు, మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు మార్చుకున్నావు, ప్రపంచం మొత్తానికీ తెలిసింది, ముసలోడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాడి లిస్టులో నీ డొమైన్ ఇంకా మన ఇంటిదే. నీ పేరున మెయిల్ వస్తే వాడు అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ దాకా ఎందుకు వెళ్తాడు, ఇంట్లోవాళ్ళకే కదా అని నీ పాత డబ్బాలో వేసేశాడు. ఆ లైన్ తియ్యాల్సింది నేను. తియ్యలేదు. మర్చిపోయా అనే అనుకుంటున్నా.

నీ పాత మెయిల్‌డిర్ తెరిచి చూశా. న్యూ ఫోల్డర్‌లో పదకొండు ఉన్నాయి. ఎవరూ ముట్టుకోనివి అందులోనే ఉండిపోతాయి గదా, చదివాక కదా కర్ ఫోల్డర్‌లోకి పోయేది. పదకొండూ నేను రాసినవే. పన్ను నొప్పి తగ్గిందా అని అడిగింది, ఇంటి అగ్రిమెంట్ కాపీ దాచుకో అన్నది, ఆ రోజు అన్న మాటల గురించి రాసిన పొడుగుది కూడా. నీ సర్వర్‌లో ఏదో తేడా ఉందేమోనని నీ డొమైన్‌లో సర్వర్ చూసుకునేవాళ్ళ అడ్రస్ పోస్ట్‌మాస్టర్‌కి కూడా ఒకటి రాశా, అదీ మన ఇంట్లోనే పడింది. నేను రాసుకుని నా గూట్లోనే పెట్టుకున్నట్టయింది. ఇప్పుడు ఆ లైన్ తీసేశా, రీలోడ్ చేశా, నీ కొత్త సర్వర్‌కి టెల్నెట్ కొట్టి చేత్తో మాట్లాడి చూశా, 220 అని పలకరించింది, నీ అడ్రస్ చెప్తే 250, సరే అంది. కాబట్టి ఇది నీకు చేరుతుంది. ఆ పదకొండూ పంపనా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

ఇంక నీ వైపు సంగతి. లాగ్‌లో నీ డొమైన్ పేరు పెట్టి గ్రెప్ కొట్టి వెతికితే స్క్రీన్ నిండిపోయింది. 450, క్లయింట్ హోస్ట్ రిజెక్టెడ్, కెనాట్ ఫైండ్ యువర్ హోస్ట్‌నేమ్. ఆ రిజెక్టెడ్ అన్న మాట పట్టుకునే కదా పిన్నితో అలా అన్నావు. ఒరేయ్, 4తో మొదలైతే "ఇప్పుడు కాదు, మళ్ళీ రా" అని. 5తో మొదలైతే "ఇంక రాకు" అని. 1982లో జాన్ పోస్టెల్ మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి ఎస్ఎమ్‌టీపీ రాసినప్పటి నుంచీ అదే వాడుక, ఇవాళ్టికీ మారలేదు. నేను నీకు 5 ఎప్పుడూ చెప్పలేదు. నీ సర్వర్‌కి అది తెలుసు కాబట్టే మళ్ళీ మళ్ళీ వచ్చింది, మొదట ఐదు నిమిషాలకి, తర్వాత పదికి, అలా ఎడం పెంచుకుంటూ పోయి ఆఖరికి గంటా ఆరు నిమిషాలకోసారి. ఐదు రోజులు చూసి, ఇంక లాభం లేదని నీకు తిప్పి పంపేసింది. ఆ తిప్పి పంపినదాంట్లో నా 450 ఉంటుంది, అది నువ్వు ఐదు రోజుల తర్వాత, ఇంక అంతా అయిపోయాక చదువుతావు, అందుకే అది తలుపు మొహాన వేసినట్టు అనిపిస్తుంది.

ఒక ఉత్తరానికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టా. నూట పదకొండు. నా లాగ్ నాలుగు వారాలే దాచుతుంది, అందులో రెండు ఉత్తరాలు దొరికాయి, అంతకుముందు ఇంకెన్ని రాశావో, ఎన్నిసార్లు తట్టావో నాకు తెలిసే దారి లేదు. లోపల ఏం రాశావో కూడా తెలీదు, ఎవరికి అని చెప్పే ఆర్‌సీపీటీ దగ్గరే ఆపేశా గదా, ఉత్తరం విప్పే డేటా దాకా రానిస్తేగా. ఎవరు పంపారు, ఎవరికి, ఎన్నింటికి, అంతే ఉంటుంది. రెండోది గురువారం తెల్లవారుజామున 2:40కి. ఆ టైమ్‌లో మేలుకుని ఏం చేస్తున్నావురా నువ్వు? పడుకోవా? నిద్ర లేకుండా ఏ సర్వర్ చూసుకుంటావు, మొన్న ఫోన్‌లో గొంతు కూడా బాలేదు, అడిగితే ఏసీ అన్నావు.

అసలు సంగతి ఏంటంటే నీ పీటీఆర్, అదే ఐపీని అడిగితే పేరు చెప్పే రికార్డు. నువ్వు ఐపీ మీద డిగ్ కొట్టి డీఎన్ఎస్‌ని అడిగి చూసుకునే ఉంటావు, పేరు వచ్చి ఉంటుంది, అంతా బానే ఉంది మరి అమ్మే ఏదో చేసింది అనుకుని ఉంటావు. అక్కడితో ఆగకూడదు, వచ్చిన పేరుని మళ్ళీ అడగాలి, ఆ పేరు ఏ ఐపీ చెప్తుందో చూడాలి, రెండూ ఒకటైతేనే నమ్మకం. నీ కొత్త సర్వర్ ఎమ్ఎక్స్1 కదా, పీటీఆర్‌లో మాత్రం అలవాటు కొద్దీ మెయిల్ అని పెట్టావు. ఆ మెయిల్ అనే పేరు ఏ ఐపీదో చెప్పే 'A' రికార్డు నువ్వు మార్చలేదు. అది ఇంకా మన ఇంటి ఐపీనే చూపిస్తోంది. అంటే వచ్చినవాడిని నీ పేరేంటి, నీ ఇల్లెక్కడ అంటే మా ఇంటి అడ్రసే చెప్తున్నాడు, ముసలోడు వీడెవడో దొంగ అనుకున్నాడు. మిగతా సర్వర్లు కొన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి, కొన్ని స్పామ్‌లో పడేస్తాయి, నా దగ్గర ఆ రూల్ గట్టిగా ఉంది. స్పామ్ గోల భరించలేక పోయినేడాది నేనే పెట్టా. అసలు మంచివాళ్ళని కూడా ఆపేస్తుంది అని ఆ రూల్ గురించి అందరికీ చెప్పేదాన్ని నేనే.

మా ఆఫీసులో ఒకసారి ఇలాగే అయింది, నీకు చెప్పానో లేదో. నీకప్పుడు రెండో ఏడు. ఇంకో ఊళ్ళో ఉన్న బ్రాంచికి మా మెయిల్స్ వెళ్ళట్లేదన్నారు. అన్నీ కాదు, రెండు లైన్లు రాస్తే వెళ్తుంది, ఫైల్ పెడితే ఆగిపోతుంది. నేను అవతలి సర్వర్‌లో సైజు లిమిట్ అనుకున్నా, కానీ అక్కడి సర్వర్ చూసే ఆయన చాలా పెద్ద లిమిట్ పెట్టి ఉన్నాడు. వైరస్ స్కానర్ అనుకున్నాం, ఆపి చూశాం, అదీ కాదు. చేత్తో టెల్నెట్ కొడితే పలకరింపు వస్తుంది, పంపేవాడి పేరు చెప్తే సరే అంటుంది, అందుకునేవాడి పేరు చెప్తే సరే అంటుంది, డేటా అంటే 354, చెప్పు వింటున్నా అంటుంది. ఫైల్ మొత్తం ఒక్కసారి అందులో అతికిస్తే ఇంక చప్పుడు లేదు. అవతలివాడి సర్వరే పాడైందని మూడు రోజులు ఫోన్‌లో పోట్లాడా ఆ మనిషితో, పాపం పెద్దాయన, ఓపిగ్గా లాగ్ చదివి వినిపించేవాడు, మీ దగ్గర్నుంచి ఏం రావట్లేదమ్మా అని. నీకేమో ఇంట్లో జ్వరం, మీ నాన్న గంటకోసారి ఫోన్ చేసి టెంపరేచర్ చెప్తున్నారు, ఒక చెవిన అది, ఒక చెవిన ఇది. మూడో రోజు రాత్రి మెయిల్‌లో కొంచెం కొంచెం అక్షరాలు పెంచుతూ పంపా, వెయ్యి వెళ్ళింది, పదమూడు వందలు వెళ్ళింది, పద్నాలుగు వందలు వెళ్ళింది, పదిహేను వందలు ఆగింది. మళ్ళీ మధ్యలో వెతికితే 1450 దగ్గర తేలింది. అప్పుడు వెలిగింది. దారిలో ఒక లింక్ 1492 బైట్ల ప్యాకెట్ కన్నా పెద్దది మొయ్యదు, మా సర్వర్ 1500వి, పైగా ముక్కలు చెయ్యొద్దు అని గుర్తు వేసి పంపుతోంది. మధ్యలో రౌటర్ "ఇది పట్టదు, చిన్నది పంపు" అని రౌటర్లు కబురు పంపుకునే ఐసీఎమ్‌పీలో చెప్తూనే ఉంది పాపం. వారం కిందట మా ఆఫీసులోనే ఒకాయన సెక్యూరిటీ అని ఫైర్‌వాల్‌లో ఐసీఎమ్‌పీ మొత్తం మూసేశాడు, పింగ్ రాదు చూడండి అని మురిసిపోతూ చూపించాడు కూడా. ఆ మాట మా చెవిన పడితేగా. తప్పు మాది, మూడు రోజులు తిట్టింది ఆయన్ని. ఫోన్ చేసి క్షమించమంటే బాబుకి జ్వరం తగ్గిందా అని అడిగాడు. నేనేదో పోలిక చెప్తున్నానని అనుకోకు, నిజంగా జరిగింది.

సరే, నువ్వు చెయ్యాల్సినవి. లెక్చర్ ఇవ్వను, చెప్పేస్తా అంతే. పీటీఆర్‌లో ఎమ్ఎక్స్1 పెట్టు, నీ సర్వర్ పలకరించేటప్పుడు చెప్పే హెలోలో కూడా అదే పేరు చెప్పేలా చూడు. నీ డొమైన్ మెయిల్ ఏ ఐపీలు పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్‌లో ఇంకా మన ఇంటి ఐపీ ఉంది, నీదేమో లేదు, చివర మైనస్ ఆల్, మిగతావేవీ నావి కావు అని గట్టిగా పెట్టావు, అంటే నీ మెయిల్ నీది కాదని నువ్వే ఊరంతా చాటుతున్నావు, అది ఇవాళే మార్చు. మెయిల్ నీదేనని చూపించే డీకిమ్ సంతకం ఉందో లేదో చూసుకో. అవి తప్పితే ఏం చెయ్యాలో చెప్పే డీమార్క్ ముందు నన్, ఏం చెయ్యొద్దు అని పెట్టి రిపోర్టులు చదువు, కొన్ని వారాలు చూశాక గట్టి చెయ్, తొందర వద్దు, నీకు అన్నీ తొందరే. రికార్డుని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో చెప్పే టీటీఎల్ 86400 ఉంది, అంటే ఇప్పుడు మార్చినా పాతది ఒక రోజు దాకా తిరుగుతుంది, ఏదైనా మార్చే ముందురోజు దాన్ని 300కి దించుకోవాలి. వెళ్ళేముందు నన్నడిగి ఉంటే చెప్పేదాన్ని. అడిగే పరిస్థితి లేదులే అప్పుడు. క్యూలో మెయిల్ నాలుగు గంటలు ఆగితే వార్నింగ్ వచ్చేలా పెట్టుకో, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అది ఉండుంటే నీకు ఐదో రోజు దాకా తెలియకుండా ఉండేది కాదు. బ్యాకప్ తీస్తున్నావా? తీసినదాన్ని ఒక్కసారైనా తిరిగి పెట్టి చూశావా? పన్ను సంగతి చూపించుకో.

బ్లాక్ చేసిందనుకున్నాక కూడా గురువారం మళ్ళీ రాశావు కదా. అది చూసి కాసేపు లేచి అటూ ఇటూ తిరిగా. మీ నాన్న ఏమైంది అన్నారు, డీఎన్ఎస్ అన్నా.

ఇప్పుడు పది కావస్తోంది. తొమ్మిదిన్నరకి నీ ఐపీకి ఆ రూల్ నుంచి మినహాయింపు రాశా, నువ్వు పీటీఆర్ మార్చుకునేదాకా ఉంటుంది, ఆ తర్వాత కూడా ఉంటే ఉండనీ. గురువారం ఉత్తరం నీ క్యూలో ఇంకా బతికే ఉంది, మంగళవారం తెల్లవారుజాము దాకా టైముంది దానికి. నీ సర్వర్ చివరిసారి వచ్చింది 9:12కి. అంటే 10:18కి మళ్ళీ రావాలి, ఐదు నిమిషాలు అటూ ఇటూ. లాగ్ పక్కన తెరిచే ఉంచా. ఇది మాత్రం ఇప్పుడే పంపేస్తున్నా, అందులో ఏముందో చదివాక రాస్తే నేను ఇంకోలా రాస్తానేమో.

పడుకో.

అమ్మ