మంద కనిపించని వార్షిక సంచిక: పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. మీ శాఖ నిధులతో నడుస్తున్న ఒక విశ్వవిద్యాలయ పశుశాస్త్ర విభాగం ఈ ఏడాది వెలువరించిన వార్తాసంచికను, అక్కడే చదువుకున్నవాడిగా, అట్ట నుంచి అట్ట దాకా చదివాను. కొత్త ప్రయోగశాల ప్రారంభం, ఆచార్యుల పురస్కారాలు, సదస్సులు, అవగాహన ఒప్పందాలు, పట్టాలు పుచ్చుకున్న విద్యార్థుల బృందచిత్రం, పదవీ విరమణ చేసినవారికి వీడ్కోలు, అన్నీ అందులో ఉన్నాయి. ఇవి ఉండకూడదని నేననను. చదువు చెప్పిన గురువుగారికి సన్మానం జరిగిందంటే ఎవరికైనా సంతోషమే. అయితే విభాగం పోషిస్తున్న మందలో ఈ ఏడాది ఎన్ని దూడలు పుట్టాయో, వాటిలో ఎన్ని దక్కాయో, ఏ ప్రయోగం మధ్యలో ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. పశువు ఉన్న ఫోటో మాత్రం ఒకటుంది. అందులోనూ దానికి అడ్డంగా అతిథులు నిలబడ్డారు.

ఇందుకు విభాగాన్ని మాత్రమే తప్పుపట్టలేను. ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయి, ఎన్ని శిక్షణ తరగతులు జరిగాయి అని పైనుంచి అడిగినంత కాలం కింది నుంచి ఆ అంకెలే వస్తాయి. పశువుల పని ఆ లెక్కకు లొంగదు. ఆవు చూలు సుమారు 280 రోజులు. పుట్టిన పెయ్య చక్కటి మేపు మీద తొలి ఈతకు రావడానికి రెండేళ్లు. కూతుళ్ల పాల దిగుబడిని బట్టి ఆబోతు మంచిచెడ్డలు తేల్చడానికి ఐదారేళ్లు. 2001లో ప్రతిపాదితమైన జీనోమిక్ ఎంపిక (డీఎన్‌ఏను బట్టి మేలైన పశువును ముందే అంచనా వేసే పద్ధతి) ఈ నిరీక్షణను బాగా తగ్గించిందన్నది నిజమే కానీ, ఆ లెక్కలకు ఆధారం కూడా ఏళ్ల తరబడి రిజిస్టర్లలో నమోదైన పాల కొలతలే. ఏడాదికోసారి ఫలితం చూపమనడం పంట కోతకు రాకముందే గాదె కొలవమనడం వంటిది.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1907లో మొదలైన ప్రయోగాన్ని మీ దృష్టికి తెస్తాను. పదహారు పెయ్యలను నాలుగు జట్లు చేసి, ఒక జట్టుకు మొక్కజొన్న మేత, ఒకదానికి గోధుమ మేత, మరొకదానికి ఓట్స్ మేత, నాలుగోదానికి ఆ మూడూ కలిపిన మేత పెట్టారు. ఆనాటి రసాయన విశ్లేషణ ప్రకారం నాలుగు మేతల పోషక విలువా సమానమే. తీరా ఈతలు వచ్చాక మొక్కజొన్న జట్టు దూడలు బలంగా నిలిచాయి. గోధుమ జట్టు దూడలు నెలలు నిండకముందే చచ్చి పుట్టాయి, లేదా పుట్టాక ఎంతోసేపు బతకలేదు. 1911 దాకా సాగిన ఈ ప్రయోగం మిగిల్చిన చిక్కుముడి వెంటపడే జీవరసాయన శాస్త్రవేత్త ఎల్మర్ మెకాలమ్ అదే విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద పరీక్షలకు దిగారు. తర్వాత విటమిన్ ఎ అని పిలిచిన పదార్థాన్ని 1913లో మార్గరీట్ డేవిస్‌తో కలిసి వెల్లడించారు. మన పద్ధతిలో 1908లోనే ఆ విభాగాన్ని ఈ ఏటి ఘనత ఏమిటని అడిగి ఉంటే, పదహారు పెయ్యలు మేస్తున్నాయని తప్ప ఏం రాసి ఉండేవారు?

విఫలమైన ప్రయత్నాలను దాచుకోవలసిన పని కూడా లేదు. క్లోనింగ్ పద్ధతిలో 1996లో పుట్టిన డాలీ గొర్రెపిల్ల గురించి స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థ పరిశోధకులు మరుసటి ఏడాది ప్రకటించినప్పుడు, 277 అండకణాలతో ప్రయత్నిస్తే బతికి బట్టకట్టినది అదొక్కటేనని అచ్చులోనే చెప్పారు. ఆ అంకె వల్ల వారి పేరు చెడలేదు. ఆ పద్ధతి ఎంత కష్టమో తర్వాతివారికి తెలిసింది. మేత మార్చినా పాలు పెరగలేదన్న ఫలితం మన సంచికలో ఒక పేరాకు నోచుకుంటే, మరో విభాగం అదే మేత మీద మళ్లీ డబ్బు పోయకుండా ఉంటుంది.

సంచికలో కనిపించని మనుషులూ ఉన్నారు. జీర్ణక్రియ పరిశోధనకోసం డొక్కలో శస్త్రచికిత్సతో రంధ్రం చేసి, రబ్బరు మూత బిగించిన ఆవులు ఇలాంటి విభాగాల్లో ఉంటాయి. తెల్లవారకముందే సహాయకుడు మోచేతి పైదాకా తొడుగు వేసుకుని, ఆ మూత తీసి, పెద్దపొట్టలోంచి నానిన మేతను పిడికిళ్లతో తీసి, పలుచని గుడ్డలో పిండి, ఆ ద్రవాన్ని ముందే వేడినీళ్లతో వెచ్చబరచిన ఫ్లాస్కులో పోసి పరుగున ప్రయోగశాలకు చేరుస్తాడు. 39 డిగ్రీల దగ్గర బతికే సూక్ష్మజీవులు చల్లబడితే ఆ రోజు పని వృథా. అచ్చయిన వ్యాసంలో ఇది ఒక వాక్యం. సంచికలో అదీ లేదు. అలాంటి సహాయకుల ఖాళీలు ఎన్ని ఉన్నాయో చెప్పని నివేదిక, ప్రయోగశాల గోడల కొలతలు చెప్పి ప్రయోజనమేమిటి?

కాబట్టి వచ్చే ఏడాది నివేదికకు నమూనా పత్రం పంపేటప్పుడు మంద లెక్కను మొదటి పుటలో అడగవలసిందిగా కోరుతున్నాను: జననాలు, మరణాలు, ఈసుకుపోయినవి (గర్భస్రావమైనవి), పొదుగువాపు సోకినవి, అమ్మివేసినవి, అందుకు కారణాలు. ఆగిన ప్రయోగాలను, తేడా చూపని ఫలితాలను రాసినందుకు ఏ విభాగానికీ నిధుల్లో కోత పడదని అదే పత్రంలో లిఖితపూర్వకంగా హామీ ఇవ్వండి. ఆ హామీ లేనిదే ఎవరూ నిజం రాయరు. మంద పోషణకు, రికార్డుల నిర్వహణకు ఇచ్చే నిధిని ఏటేటా పునరుద్ధరించే పద్ధతి మాని, కనీసం ఒక పెయ్య పుట్టి, ఎదిగి, రెండు ఈతలు ఈనే కాలానికైనా ఒకేసారి మంజూరు చేయండి. పురస్కారాల పుటలు యథాతథంగా ఉండనివ్వండి, మంద లెక్క తర్వాత.

భవదీయుడు,
పశుశాస్త్ర విభాగ పూర్వ విద్యార్థి