దసరాకు ఇస్తానన్న చేపల గురించి, మారిన ధర గురించి

విశాఖపట్నం, విజయనగరం, కాకినాడల్లో నేను ఇంట్లో పెంచే క్లౌన్ చేపలు (నారింజ ఒంటి మీద మూడు తెల్ల పట్టీలుండే చిన్న సముద్రపు చేపలు) తీసుకుంటున్న ఎనిమిది అక్వేరియం దుకాణాల యజమానులకూ, ఆ దుకాణాల ద్వారా నన్ను ఎరిగిన చేపల ప్రియులకూ ఈ సంగతి ఇంకొకరి నోట తెలియకూడదని రాస్తున్నాను. దసరా వారానికి 150 పిల్లలు ఇస్తానని జూన్‌లో మాట ఇచ్చాను. ఇవ్వలేకపోయాను. అమ్మదగినవి 71 మాత్రమే తయారయ్యాయి. పిల్లల ధర కూడా ఇకమీదట ఒక్కొక్కటి 200 రూపాయలు కాదు, 240. పండుగ ముందు ఫోను చేసిన వారందరికీ నీళ్లు బాగాలేవనీ, కొంచెం ఆలస్యమవుతుందనీ చెప్పాను. అది అబద్ధం. నీళ్లు బాగానే ఉన్నాయి. బ్యాచ్ చెడిందని జూలై నెలాఖరుకే నాకు తెలుసు. చెప్పడానికి నామోషీ అనిపించి, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పండుగ దాకా లాక్కొచ్చాను. అందుకు ముందుగా మీ అందరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఏం జరిగిందో చెప్పాలంటే ఈ పిల్లల మొదటి పదిహేను రోజుల గురించి కొంచెం చెప్పాలి. తల్లిచేప కుండపెంకు మీద కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మగచేప వాటికి రెక్కలతో విసురుతూ, చెడిన గుడ్డును నోటితో ఏరి పారేస్తూ కాపలా కాస్తుంది. ఎనిమిదో రోజు సాయంత్రానికి గుడ్లలో వెండి చుక్కల్లా కళ్లు మెరుస్తాయి. ఆ రాత్రి దీపాలు ఆర్పిన గంటా రెండు గంటల్లో అవి పొదుగుతాయి. బయటికి వచ్చిన పిల్ల కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. దాని నోట్లో పట్టేది రోటిఫర్ అనే, కంటికి సరిగా ఆనని నీటిజీవి లాంటిదే. ఆ రోటిఫర్లను నేను పెరట్లో ఆకుపచ్చ నాచునీళ్లలో పెంచుకుంటాను కాబట్టి వాటికి ఎవరి మీదా ఆధారపడను. ఆరో రోజు నుంచి మాత్రం ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్యజాతి జీవి కావాలి. అది డబ్బాలో వచ్చే సరుకు. ఎండు గుడ్లను ఉప్పునీళ్లలో వేసి, కింది నుంచి గాలి పెట్టి, పైన లైటు వేస్తే ఇరవైనాలుగు గంటల్లో నారింజ రంగు నాప్లీ, అంటే ఆర్టీమియా పిల్ల, బయటికి వస్తుంది. ఈ పద్ధతిలో రహస్యమేమీ లేదు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు దేశంలో క్లౌన్ చేపలను హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రంలో, పెంచి చూపించి చాలా ఏళ్లయింది. పద్ధతి అందరిదీ ఒకటే, తేడా వచ్చేది సరుకులోనే.

ఆ సరుకును నేను భీమిలి వైపు రొయ్యల హేచరీలకు మేతలు అమ్మే ఒక వ్యాపారి దగ్గర ఎనిమిదేళ్లుగా కొంటున్నాను. పేరు చెప్పను. మేలో హేచరీల గిరాకీ వల్ల సీలు డబ్బాలు లేవనీ, నిన్ననే ఒక డబ్బా తెరిచామనీ, అందులోంచి అరకిలో కవరులో కట్టి ఇస్తాననీ ఆయన అన్నారు. ఆర్టీమియా గుడ్లకు తేమ తగిలితే పొదిగే శక్తి పడిపోతుందని నాకు తెలుసు. మే నెలలో విశాఖ గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకూ తెలుసు. అయినా తీసుకున్నాను. ఎనిమిదేళ్ల పరిచయం ఉన్న మనిషిని "నిన్ననే తెరిచారా, నిజమేనా" అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ అడగని ప్రశ్నే నన్ను ముంచింది.

మంచి సరుకైతే గ్రాముకు రెండు లక్షలకు పైగా నాప్లీ రావాలి. ఒక మిల్లీలీటరు నీటిని పిపెట్‌తో తీసి, నల్ల కాగితం మీద పెట్టి లెక్కపెడతాను. ఆ కవరు సరుకు వేసిన రోజు అందులో సగం కూడా లేవు. ఇరవైనాలుగు గంటలకు కొన్ని, ముప్పై గంటలకు కొన్ని, ముప్పైఆరు గంటలకు ఇంకొన్ని చొప్పున పొదిగాయి. తక్కువ రావడం కంటే ఇదే పెద్ద నష్టం. ఎందుకంటే నాప్లీకి పుట్టుకతో వచ్చిన పచ్చసొన కొద్ది గంటల్లోనే కరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని తిన్న చేపపిల్లకు పొట్ట నిండుతుందే తప్ప ఒంటికి పట్టేది తక్కువ. ఇక పొదగని గుడ్లూ పెంకులూ నాప్లీతో కలిసి ట్యాంకులోకి వెళ్లాయి. పిల్లలు వాటినీ మింగాయి. బ్లీచింగు ద్రావణంతో పెంకులు కరిగించి వాడి ఉంటే ఆ బెడద ఉండేది కాదు. సరుకు మంచిదైన రోజుల్లో ఆ పని మానేయడం అలవాటైంది, చెడ్డ రోజున కూడా మానేశాను. ఈ తప్పు వ్యాపారిది కాదు, నాది.

మొదటి ఫోనుకు ఆయన "నీ నీళ్లలో ఉప్పు తేడా ఉందేమో చూసుకో" అన్నారు. ముప్పై పీపీటీ (వెయ్యి పాళ్లకు ముప్పై పాళ్లు ఉప్పు) ఉందని రెండుసార్లు కొలిచి చెప్పాను. రెండో ఫోనుకు లైటు చాలడం లేదేమో అన్నారు. మూడోసారి మిగిలిన సరుకు పట్టుకుని స్వయంగా వెళ్లి, ఆయన కౌంటరు మీదే సీసాలో పెట్టి చూపిస్తానన్నాను. కోట్ల రూపాయల హేచరీలు కిమ్మనకుండా తీసుకెళుతున్న సరుకుకు ఇంట్లో నాలుగు తొట్టెలు పెట్టుకున్నవాడు వంక పెట్టడమేమిటని ఆయన నలుగురి ముందూ అన్నారు. నాలుగు కాదు, ఇరవైరెండు తొట్టెలు. ఆ మాట అక్కడ అనలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. డబ్బు వెనక్కి రాలేదు. నేనూ మళ్లీ అడగలేదు, ఇక ఆ మెట్లు ఎక్కేదీ లేదు. ఇప్పుడు సీలు డబ్బాను నా కళ్ల ముందు తెరిచే మరొకరి దగ్గర, ధర ఎక్కువైనా, కొంటున్నాను. ప్రతి డబ్బాలోంచి ఒక గ్రాము ముందుగా పొదిగించి చూశాకే మిగతాది పిల్లలకు వాడుతున్నాను.

రెండు కాన్పుల్లో కలిపి దాదాపు ఆరు వందల పిల్లలు పొదిగాయి, బతికి పట్టీలు వేసుకునే దశకు చేరినవి 190. అందులో 39 పిల్లలకు మొప్పలను కప్పే పలక పొట్టిగా పెరిగి, ఎర్రటి మొప్ప బయటికి కనిపిస్తోంది. మరో 80 పిల్లలకు తెల్ల పట్టీలు సగంలో ఆగిపోయాయి. కొన్నింటికి నడుము మీది పట్టీ ఒక పక్కనే ఉంది, కొన్నింటికి చుక్కగా మిగిలింది. దీనికంతటికీ ఆ కవరే కారణమని ప్రమాణం చేయలేను కానీ, అవే తల్లిచేపలు, అవే నీళ్లు, అంతకుముందు బ్యాచ్‌లో ఇటువంటివి పదికి మించలేదు.

మొప్ప పొట్టివాటి గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అవి అమ్మకానికి కావు. నన్ను రెండు నెలలు నిద్రపోనివ్వనివి ఆ ఎనభై. వాటికి జబ్బు లేదు. మిగతా పిల్లల్లాగే తింటాయి, ఎదుగుతాయి. నీళ్లలోకి వేలు పెడితే పరుగెత్తుకొస్తాయి. లోపమల్లా చూపుకే. అమ్మితే పెట్టుబడిలో కొంతైనా తిరిగొస్తుంది, అమ్మకపోతే మేత ఖర్చు. సగం ధరకు, లోపం చెప్పి అమ్మడంలో తప్పేముందని నా భార్య అడిగింది, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకని వినాయక చవితి వెళ్లాక ఒక దుకాణానికి పన్నెండు పిల్లలను, వంద రూపాయల చొప్పున, పట్టీ లోపం ఉన్నవని బిల్లు మీద నా చేత్తో రాసి మరీ ఇచ్చాను. అప్పటికి మీరు తొమ్మిది మంది.

రెండు వారాల తర్వాత వేరే పని మీద ఆ వీధికి వెళ్లి దుకాణంలోకి తొంగిచూశాను. యజమాని లేరు. కొత్తగా చేరిన కుర్రవాడు ఉన్నాడు, నన్ను ఎరగడు. నీలం లైటు వేసిన ముందు ట్యాంకులో నా చేపలే ఈదుతున్నాయి, నడుము మీద ప్రశ్నార్థకం లాంటి మచ్చ ఉన్న పిల్లను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. అద్దానికి అంటించిన చీటీ మీద "డిజైనర్ నీమో, జత 1,200" అని ఉంది; నీమో అంటే సినిమా వల్ల క్లౌన్ చేపకు వచ్చిన ముద్దుపేరు. ఇది బయటి దేశం రకమా అని అడిగితే, అవును సార్ అన్నాడు. ఆ కుర్రవాణ్ణి అనవలసింది లేదు, అతనికి చెప్పినది అతను చెప్పాడు.

ఆ చీటీలో రెండు మోసాలున్నాయి. పట్టీల తీరు కోసం తరాల తరబడి ఎంచి పెంచిన రకాలు ప్రపంచంలో ఉన్నాయి, వాటి పట్టీలు వాటి పిల్లలకూ దిగుతాయి. పుట్టిన కొత్తలో సరైన తిండి లేక ఆగిపోయిన పట్టీ అటువంటిది కాదు. రెండోది, జత అన్న మాట. ఈ వయసు క్లౌన్ పిల్లల్లో ఆడ లేదు. ఏ రెండింటిని కలిపి పెంచినా, కాలక్రమంలో పెద్దదీ పెత్తనం చేసేదీ ఆడదవుతుంది, రెండోది మగగా ఉండిపోతుంది. ఆ ఆడది పోతే మగదే ఆడగా మారుతుంది. కాబట్టి జత పేరుతో అదనంగా ఒక్క రూపాయి తీసుకున్నా అది లేని దానికి తీసుకున్నట్టే. ఈ మాట మీలో కొందరికి రుచించదని తెలుసు. నా చేపలకు జత ధర లేదు, ఇకముందు ఉండదు.

ట్యాంకులో ఆరు మిగిలి ఉన్నాయి. జేబులో ఉన్నదీ ఫోనులో ఉన్నదీ కలిపి 3,600 రూపాయలు కట్టి ఆ ఆరింటినీ కొనేశాను. వంద చొప్పున నేను అమ్మిన చేపలే అవి. కవరు పట్టుకుని ఇంటికొస్తే నా భార్య వాటిని కాసేపు చూసి, "ఇంత ఖరీదైన చేపలు మన ఇంట్లో ఎప్పుడూ లేవు" అంది. తెలివైన పని కాదని నాకూ తెలుసు. మిగతా ఆరు ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలియదు. ఆ జతలు కొన్నవారు ఎవరైనా ఇది చదివితే, బిల్లు చూపించి ఒక్కో చేపకు బదులుగా నా దగ్గర మంచి పిల్లను ఉచితంగా తీసుకోవచ్చు. పాతదాన్ని తిరిగివ్వనవసరం లేదు, అది ఆరోగ్యంగానే ఉంటుంది.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను: పట్టీ లోపం ఉన్న పిల్లను ఏ దుకాణానికీ, ఏ ధరకూ ఇవ్వను. బిల్లు మీద నేను రాసింది ట్యాంకు అద్దం దాకా రాదని తేలిపోయింది. మీలో ఇద్దరు, మాకూ ఆ తొమ్మిదో దుకాణానికీ పోలికేమిటని నొచ్చుకున్నారు. పోలిక లేదు. అయినా ఒకరికి ఒక నియమం, ఇంకొకరికి ఇంకొక నియమం పెట్టి నడపడం నాకు చేతకాదు. ఇంటికి వచ్చి, చూసి, లోపం తెలిసి పెంచుకుంటామన్న వారికి వంద రూపాయలకు ఇస్తున్నాను, అదీ మనిషికి రెండు మాత్రమే.

ఇక ధర. 2021 నుంచి 200 మీదే ఉన్నాను. ఈ వేసవిలో మొదటిసారి కూర్చుని ఒక్కో పిల్లకు నాలుగు నెలల లెక్క వేశాను. మేత, కరెంటు, సముద్రపు నీళ్లు తెచ్చి శుద్ధి చేసే ఖర్చు, తల్లిచేపల పోషణ, ఆక్సిజన్ కవర్లు అన్నీ కలిపితే సరిగ్గా 200 వచ్చింది. అంటే ఇన్నేళ్లూ నా కూలి సున్నా. అందులో పెద్ద వాటా కరెంటుది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు నా మొట్టమొదటి జంట ఊపిరాడక పోయింది. అప్పటి నుంచి నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లకు ఇన్వర్టరు, దానికి అదనపు బ్యాటరీ లేకుండా నేను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు, ఆ బ్యాటరీలను మార్చే ఖర్చు నా మీదే పడుతుంది. కూలి కింద 38 రూపాయలు వేసుకుంటే 238 అయింది. 250 చేస్తే చిల్లర గొడవ ఉండదని ఒకరు సలహా ఇచ్చారు. లెక్కలో రాని పన్నెండు రూపాయలను చిల్లర కోసం తీసుకోవడం నాకు నచ్చలేదు, 240 దగ్గర ఆపాను. చెడిన బ్యాచ్ నష్టంగానీ, ఆ 3,600 గానీ ఇందులో లేవు.

అంగుళం పిల్లలను 150కి ఇమ్మని అడుగుతున్నవారికి నా జవాబు మారలేదు. అంగుళంపావు దాటనిదీ, నాలుగు నెలలు నిండనిదీ నా గుమ్మం దాటదు. వాయిదా, రవాణాలో పోయిన చేపకు బదులు ఇచ్చే పద్ధతి, అన్నీ పాతవే.

ఉన్న 71 పిల్లలను మీరు జూన్‌లో అడిగిన సంఖ్యల నిష్పత్తిలోనే, నాగుల చవితి మర్నాటి నుంచి ఇస్తాను. దసరాకు మాట తప్పినందుకు వీటికి మాత్రం పాత ధరే తీసుకుంటాను. కాకినాడ వారికి నేనే స్వయంగా తెచ్చి ఇస్తాను. ప్రస్తుతం మూడో నంబరు జంట కుండపెంకు మీద ఐదు రోజుల గుడ్లున్నాయి. శివరాత్రికి పిల్లలు వస్తాయా అని అప్పుడే ఇద్దరు అడిగారు. ఈసారి తేదీ చెప్పను, సంఖ్యా చెప్పను. పట్టీలు మూడూ పూర్తిగా వచ్చాక, మొప్పలు చూసి, ఒక్కొక్కటిగా లెక్కపెట్టాకే ఫోను చేస్తాను.