వాగు వెంట దిగితే దారి దొరకదు

సంపాదకులు గారికి,

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లేవారికీ, వానల తరువాత మల్లెలతీర్థం జలపాతం చూడవచ్చేవారికీ తరచుగా వినిపించే సలహా ఒకటుంది: అడవిలో దారి తప్పితే వాగు వెంట దిగువకు నడవాలని, ఏదో ఒక ఊరు తగులుతుందని. మన నల్లమలలో ఈ సలహా ప్రాణాల మీదికి తెస్తుందని చెప్పడానికే ఈ లేఖ.

మైదానంలో ఆ మాట నిజమే కావచ్చు. నల్లమలలోని ఈ అమ్రాబాద్ ప్రాంతం మాత్రం పీఠభూమి. ఇక్కడి వాగులు కృష్ణానది లోయలోకి దిగుతాయి కనుక, వాటి వెంట పోయినకొద్దీ ఇరువైపులా గట్లు నిటారుగా లేస్తాయి, కాలు జారే బండలు, దిగలేని దూకుళ్లు ఎదురవుతాయి. అక్కడ నుంచి కేక వేసినా పైకి వినబడదు, ఫోన్ సిగ్నల్ సంగతి సరేసరి. ఊళ్లు, చెంచు పెంటలు (చెంచుల గూడేలు), శ్రీశైలం రహదారి చాలామటుకు పైభాగంలోనే ఉన్నాయి.

అసలు దారి తప్పేది బాట చీలే చోట. ఎండాకాలం రాలిన ఆకు మన బాటను కప్పేస్తే, పక్కనే పశువులు తొక్కిన జాడ అంతకంటే తేటగా కనిపిస్తుంది. దాని మీద నాలుగడుగులు వేయగానే కొమ్మలు, ముళ్లు ముఖానికి తగులుతుంటే అది మనుషులు నడిచే బాట కాదని గ్రహించి వెంటనే వెనుదిరగాలి. వెనుక బాట కూడా తెలియకపోతే ఉన్నచోటే ఉండి, ఆగి ఆగి ఈల వేయడం మేలు. వెతికేవారు చివరగా కనిపించిన చోటు నుంచే మొదలుపెడతారు. సిగ్నల్ లేకున్నా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి, మ్యాప్‌ను ముందే దించుకుని బండి ఆపిన చోటును గుర్తు పెట్టుకోవాలి.

ఈ పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అలా దొంగచాటుగా వెళ్లేవారు ఎవరికీ చెప్పరు. తప్పిపోతే వెతకాలని కూడా ఎవరికీ తెలియదు.

అటవీశాఖకు నా విన్నపం ఒక్కటే. వచ్చే జాతరకల్లా బాట చీలే ప్రతిచోటా అంకె వేసిన రాయి నాటించాలి. ఆ రోజుల్లో అక్కడ చెంచు యువకులను కూలి ఇచ్చి నిలబెట్టాలి. అంకె చెప్పగలిగితే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేసినవారు ఎక్కడున్నదీ వెంటనే తెలుస్తుంది.

– ఒక పాఠకుడు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా