లోయ ఒక్కటే గండికోట కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో గండికోటపై వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులైనా మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు పేజీల నిండా పెన్నా లోయ ఫోటోలు, పడవ షికార్లు, గుడారాల అద్దెలు వేశారు. కోటకు మాత్రం ‘పురాతన కట్టడం’ అన్న రెండు మాటలే దక్కాయి. అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ లోయ పేరును మన కొండకు తగిలిస్తే తప్ప దీనికి గౌరవం రాదా? ఎర్రమల కొండలను పెన్న కోసిన గండి పక్కన కట్టారు గనుకనే ఇది గండికోట అయింది.

1123లో కాకరాజు ఇక్కడ కోటకు పునాది వేశాడని ఊరి పాత చరిత్ర రాత అయిన కైఫీయతు చెబుతుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఏలారు. ఒకవైపు లోయే అగడ్త, మిగతా వైపుల ఎర్రరాతి గోడ. అంతటి కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశం చేసుకున్నాక, 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే తాను చూసినదంతా గ్రంథస్థం చేశాడు. మాధవరాయస్వామి గోపురం, జామా మసీదు, ధాన్యాగారం ఒకే ప్రాకారంలో నిలిచి ఉన్నాయి. ఆ గోడల నడుమ నేటికీ ఊరుంది, పొయ్యి వెలుగుతోంది. ఇది మీ విలేకరి కంటికి ఆనలేదు.

సంక్రాంతి సెలవుల్లో మనవరాలిని తీసుకెళ్లాను. ధాన్యాగారం గోడకు మిగిలిన సున్నపు గచ్చు మీద, సరిగ్గా నా భుజం ఎత్తున, ఎవరో మేకుతో రెండు పేర్లు చెక్కారు. గీతల వెంట పెళ్లలు లేచి, కింద తెల్లని పొడి ఇంకా తాజాగా ఉంది. ‘‘ఇక్కడ కాపలా ఎవరూ ఉండరా తాతా?’’ అని పిల్ల అడిగింది. ఆ ప్రశ్ననే అర్జీగా రాసి పంపితే, ఒక కార్యాలయం మరో కార్యాలయాన్ని చూపింది, అది తిరిగి మొదటిదాన్నే చూపింది. ఉత్సవాలకు వేదికలు కట్టి, దీపాలు వెలిగించి, ఉపన్యాసాలు చేసే అధికారులకు, నాయకులకు ఒక కాపలాదారుణ్ణి నియమించడం అంత భారమా? జమ్మలమడుగు బడిపిల్లలు పరదేశపు కోటల పేర్లు వల్లిస్తూ, పదిహేను కిలోమీటర్ల దూరంలోని తమ కోటను ఎవరు ఏలారో చెప్పలేని స్థితికి మనమందరం బాధ్యులం.

వచ్చే ఆదివారం కనీసం అరపేజీలో ఈ కోట చరిత్రను తెలుగు పిల్లలకు అర్థమయ్యేలా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, జమ్మలమడుగు