డిఫరెన్షియల్ కూస్తోందా, పక్కవాడెవడైనా కూస్తున్నాడా?

ఒరేయ్ మురళీ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాస్తే అందులో మూడు పేజీలు కారు వెనక నుంచి వచ్చే కూత గురించే! స్పోర్ట్స్ కారు మోజు అలాంటిదేలే. మెకానిక్ ఒక్క రౌండు తిప్పి దిగుతూనే "డిఫరెన్షియల్ పోయింది, మొత్తం మార్చాలి" అన్నాడని రాశావు. అంటే వెనక చక్రాల మధ్య ఉండి, ఇంజిన్ బలాన్ని రెండిటికీ పంచే గేర్ల పెట్టె. కారు పైకెత్తలేదు, ఆయిల్ చూడలేదు, తీర్పు మాత్రం చెప్పేశాడు. అతను అన్నది నిజమే కావచ్చు. కానీ ఒక్క బోల్టు కూడా విప్పకుండానే తేల్చుకోగలిగింది చాలా ఉంది. లేకపోతే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే అవుతుంది.

ముందు టైర్లు. వెనక టైర్లు ఎగుడుదిగుడుగా అరిగితే అచ్చం బేరింగ్ పోయినట్టే గుయ్యిమంటాయి. నున్నటి రోడ్డు మీంచి గరుకు రోడ్డెక్కగానే మోత తీరు మారిందంటే అది టైరే. రోడ్డు ఎలా ఉంటే డిఫరెన్షియల్‌కేం? తర్వాత వీల్ బేరింగులు. ఖాళీ రోడ్డు చూసుకుని స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పు. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే అనుమానం ఎడమ బేరింగ్ మీద, ఎడమకి తిరిగినప్పుడైతే కుడి దాని మీద.

ఈ రెండూ కాదని తేలాక అసలు పరీక్ష మొదలు. ఒకే స్పీడులో నాలుగో గేర్లో ఒకసారి, ఐదో గేర్లో ఒకసారి వెళ్ళి చూడు. ఇంజిన్ తిరిగే వేగం మారినా కూత శ్రుతి మారలేదంటే తప్పు గేర్‌బాక్స్ తర్వాత ఎక్కడో ఉంది. ఇప్పుడు కాలితో పట్టుకోవాలి. యాక్సిలరేటర్ నొక్కుతూ ఒకసారి, పూర్తిగా వదిలేసి ఒకసారి, లాగకుండా ఆగకుండా స్పీడు నిలకడగా ఉంచి ఒకసారి విను. గేర్ పంటికి రెండు ముఖాలుంటాయి కదా, బండిని లాగేటప్పుడు ఒకటి ఆనుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు రెండోది. కూత ఏదో ఒక ముఖానికే, ఒక స్పీడు దగ్గరే వస్తుంటే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ (పెద్ద పళ్ళ చక్రం), పీనియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్ళు సరిగ్గా కలవడం లేదన్నమాట. రెండిట్లోనూ వస్తుంటే బేరింగుల వైపు చూడాలి. పీనియన్ బేరింగ్‌కీ క్రౌన్ పక్కనుండే సైడ్ బేరింగులకీ తేడా చెవికే తెలుస్తుంది. ఫైనల్ డ్రైవ్, అంటే ఈ రెండు గేర్ల పళ్ళ నిష్పత్తి, 4.1 అయితే క్రౌన్ ఒక చుట్టు తిరిగేలోపు పీనియన్ నాలుగు చుట్లు దాటుతుంది. కాబట్టి పీనియన్ బేరింగ్ గొంతు సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. సైడ్ బేరింగులు చక్రాల వేగంతోనే తిరుగుతాయి కాబట్టి బొంగురుగా గుర్రుమంటాయి.

మలుపుల్లో మాత్రమే కటకటమంటే అది వేరే కథ. నీ కారులో క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే డిఫరెన్షియల్) ఉందని రాశావు. ఇరుకు మలుపులో ఆ ప్లేట్లు పట్టి వదులుతూ దడదడలాడటం తరచూ ఆయిల్ వల్లే. సరైన గేర్ ఆయిల్ పోసి, దానికి ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సరిచేసే ద్రవం) కావాలంటే కలిపి, ఖాళీ స్థలంలో మెల్లగా ఎనిమిది అంకెలా కొన్నిసార్లు తిప్పితే చాలాసార్లు అక్కడితో పోతుంది. యాక్సిలరేటర్ వేసి తీసినప్పుడు టంగుమంటే మాత్రం గేర్‌బాక్స్ నుంచి వెనక్కి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లూ, డిఫరెన్షియల్‌ను కారుకి పట్టి ఉంచే బుష్‌లూ చూసుకో.

బుష్‌లంటే గుర్తొచ్చింది. ఇలాంటి కార్లకి పాత యజమానులు మెత్తటి రబ్బరు బుష్‌లు పీకేసి గట్టి పాలీయురెథేన్‌వో, ఏకంగా అల్యూమినియంవో పెట్టేస్తుంటారు. బరువు తగ్గాలని వెనక పరిచిన సౌండ్ షీట్లు కూడా లాగేస్తారు. అప్పుడు ఏ రోగమూ లేని డిఫరెన్షియల్ మోత కూడా నేరుగా నీ వీపు వెనకే వినిపిస్తుంది. కిందికి దూరి ఆ బుష్‌లు రబ్బరువో కాదో తప్పకుండా చూడు. వాటి వల్లే అయితే విప్పాల్సిన పనే లేదు, అలవాటు పడాలి లేదా రబ్బరుకి తిరిగి వెళ్ళాలి.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఒక చిన్న వాక్యం. అమ్మినాయన "ఈమధ్యే పీనియన్ సీల్ మార్పించాను, ఒక్క చుక్క కారదు" అన్నాడట. మురళీ, నాకు అసలు అనుమానం అక్కడే. ఆయిల్ కారకుండా ఆపే ఆ సీల్ మార్చాలంటే పీనియన్ నట్టు విప్పాల్సిందే. చాలా కార్లలో పీనియన్ నట్టు కింద, రెండు బేరింగుల మధ్య, ఒక నలిగే స్లీవ్ ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది నలిగి బేరింగులకి సరిపడా బిగువు ఇస్తుంది. దాన్ని నలపడానికి భీమబలం కావాలి. నలగడం మొదలయ్యాక మాత్రం సరైన బిగువుకీ అతి బిగువుకీ మధ్య నట్టు తిరిగేది పిసరంతే. సీల్ మార్చినవాడు నట్టు ఎక్కడుందో గుర్తు పెట్టుకోకుండా ఎయిర్ గన్‌తో బర్రుమని బిగించేస్తే బేరింగులు వేడెక్కి పాడవుతాయి. పోనీ అని నట్టు వెనక్కి తిప్పితే సరిపోదు, నలిగిన స్లీవ్ మళ్ళీ లేవదు. కొత్తది వేయాల్సిందే.

ఆ బిగువు ఎంతుండాలో తెలిసేది నట్టు బిగింపుతో కాదు, పీనియన్‌ను చేత్తో తిప్పడానికి పట్టే బలంతో. చాలా కార్లలో కొత్త బేరింగులకి అది 1 నుంచి 3 న్యూటన్ మీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. నీ కారు అంకె వర్క్‌షాప్ మాన్యువల్లో చూసి చిన్న టార్క్ రెంచ్‌తో కొలవాలి. "చెయ్యి చెబుతుంది" అనేవాడికి మాత్రం కారివ్వకు.

లోపల చేయి పెట్టాల్సే వస్తే క్రౌన్ పళ్ళకి పసుపు మార్కింగ్ పేస్టు రాసి తిప్పి చూడమను. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. ఆనినచోట పేస్టు చెదిరి పంటి మీద కోలగా ఒక మచ్చ పడుతుంది. ఆ మచ్చ పంటి కొనకీ మొదలుకీ మధ్యలో ఉండాలి. కొనకి ఎక్కితే పీనియన్ దూరంగా ఉన్నట్టు, మొదట్లోకి దిగితే మరీ లోపలికి దూరినట్టు. పీనియన్ కింద ఉండే షిమ్ (పల్చటి రేకు) మార్చి సరిచేస్తారు. క్రౌన్‌ను పక్కకి జరిపి పళ్ళ మధ్య సందు కూడా మాన్యువల్ చెప్పినంతకు తేవాలి. అది మిల్లీమీటర్లో పదో వంతుల లెక్క. పళ్ళే చెడితే క్రౌన్, పీనియన్ రెండూ జతగానే మార్చాలి, ఒకదానితో ఒకటి కలిపి సాన పట్టినవి అవి. జత మార్చాక మొదట్లో నెమ్మదిగా నడిపి, మధ్యమధ్యలో చల్లారనిచ్చి, కొన్ని వందల కిలోమీటర్లకే ఆయిల్ మార్చెయ్.

ఈ ఆదివారం మాత్రం ఆయిల్ తీసి చూడు చాలు. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే దానికంటిన బూడిదరంగు ముద్దను వేళ్ళ మధ్య నలుపు. కాటుకలా మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదల. గరగరలాడితే, మెరిసే పెచ్చులు కనిపిస్తే కారు కదపకుండా నాకు ఫోన్ చెయ్. లిమిటెడ్ స్లిప్ కారు కదా, ఒక్క వెనక చక్రాన్నే ఎత్తి గేరు వేశావంటే రెండో చక్రం పట్టి కారు జాకీ మీంచి దూకుతుంది. రెండూ లేపి, స్టాండ్ల మీద పెట్టాకే కిందికి దూరు.

అన్నట్టు, డ్రెయిన్ బోల్టు విప్పేముందే పైనున్న ఫిల్లర్ బోల్టు కదులుతోందో లేదో చూసుకో. ఆయిలంతా కారిపోయాక అది రాలేదంటే కొత్త ఆయిల్ పోసే దారుండదు, కారు కదలదు.

ఇట్లు,
నీ రాజు