అడ్డం బావి వేరు, ఫ్రాకింగ్ వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో చమురు బావుల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు, పైగా నిన్న మళ్లీ అందులోని అడ్డం బావి బొమ్మనే వేశారు.

ముందు ఆ బొమ్మ సంగతి. గొట్టం నిటారుగా దిగి, మూలమట్టం పెట్టి గీసినట్టు ఠక్కున తొంభై డిగ్రీలు తిరిగింది. ఉక్కు గొట్టం అలా తిరగదండీ! కొన్ని వందల అడుగుల పొడవునా కొంచెం కొంచెంగా వంగుతూ అడ్డం పడుతుంది. రాయిని తొలిచే మొన (బిట్) వెనకే ఉండే పరికరాలు అది ఏ దిక్కుకి, ఎంత వాలులో పోతోందో కనిపెట్టి, తవ్వేటప్పుడు గొట్టంలోకి పంపే బురదలాంటి ద్రవం (డ్రిల్లింగ్ మడ్) ద్వారా ఒత్తిడి తరంగాల రూపంలో పైకి కబురు పంపుతాయి. చెప్పుకోవాల్సిన వింత అది. దానికి ఒక్క వాక్యం చోటు దొరకలేదు గానీ, రిగ్గు ముందు హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న అధికారి ఫొటోకి పావు పేజీ దొరికింది.

ఇక అసలు బాధ. 'అడ్డం డ్రిల్లింగ్, అంటే ఫ్రాకింగ్' అని మూడు చోట్ల రాశారు. చమురున్న రాతి పొర వెంబడి అడ్డంగా తవ్వడం ఒకటి, నీళ్లూ ఇసుకా ఒత్తిడితో కొట్టి రాయిని పగలగొట్టే ఫ్రాకింగ్ ఇంకొకటి. రెండోది అమెరికాలో 1947లోనే మొదలైంది, అదీ నిటారు బావిలో. టెక్సాస్‌లోని బార్నెట్ షేల్ అనే బంకరాతి పొర నుంచి గ్యాస్ రాబట్టే కిటుకు జార్జ్ మిచెల్ కంపెనీకి 1998 ప్రాంతంలో చిక్కిందీ నిటారు బావుల్లోనే. ఆ కంపెనీని 2002లో డెవాన్ అనే మరో కంపెనీ కొన్నాకే అక్కడ అడ్డం బావులు జోరందుకున్నాయి. ఇటలీ తీరంలోని రోస్పో మారెలో మాత్రం ఎల్ఫ్ కంపెనీ 1980ల మొదట్లోనే అడ్డం బావి తవ్వి, ఫ్రాకింగ్ ఊసే లేకుండా చమురు తీసింది. ఇంగ్లండ్‌లోని విచ్ ఫార్మ్ చమురు క్షేత్రంలో సముద్రం కింది చమురు కోసం కృత్రిమ దీవి కట్టాలనుకున్నవాళ్లు ఆ ఆలోచన మానుకుని, ఒడ్డు నుంచే తవ్వుకుంటూ 1999 నాటికి పది కిలోమీటర్లు దాటిపోయారు. మీకేమో ఇదంతా 'సరికొత్త' టెక్నాలజీ!

కలిపి రాస్తే ఏం పోయిందంటారేమో. అమెరికాలోని ఓక్లహోమాలో 2016లో 5.8 తీవ్రతతో భూమి కంపించింది. దానికి కారణం ఫ్రాకింగ్ కాదు, చమురుతో పాటు పైకొచ్చే ఉప్పునీటిని మళ్లీ లోతుకి ఎక్కించడమేనని తేల్చారు. అంటే 'ఆ నీళ్లు ఎక్కడ పోస్తారు?' అని మీ విలేకరి అడగాలి. అడగలేదు. 'అపోహలు నమ్మొద్దు' అని అధికారి అంటే బుద్ధిగా రాసుకొచ్చారు. షేల్ బావుల దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుందన్న మాట కూడా ఎక్కడా లేదు. ఈ రోజుల్లో ఏ శాఖైనా ఇంతే. ప్రెస్ నోట్ ఇచ్చేస్తే జవాబుదారీతనం తీరిపోయినట్టు, అది అచ్చేస్తే మీ పనీ అయిపోయినట్టు.

చోటు చాలక ఉత్తరం కత్తిరించాల్సి వస్తే పొగడ్తలు తీసేయండి, ఎలాగూ లేవు. ఆ బొమ్మ మాత్రం మూడోసారి వేయకండి.

ఇట్లు,
మీ పాత చందాదారు